పాత జర్మన్ డీజిల్ ఎస్‌యూవీనా, కొత్త ఈవీనా? టోకెన్ ఇచ్చి మరీ వెనక్కి వచ్చాను

ఈరోజు ఎపిసోడ్ లో రివ్యూ లేదు, డ్రోన్ షాట్లు లేవు. నా సొంత డబ్బుతో నేను కారు కొనడానికి వెళ్లి మూడు వారాలు ఏం చేశానో చెప్తాను. అందులో ఒక తెలివితక్కువ పని కూడా ఉంది. 25,000 రూపాయల తెలివితక్కువ పని. అది దాచిపెట్టి మీకు సలహాలు చెప్తే బాగోదు కదా.

ముందు నా పరిస్థితి చెప్పాలి, లేకపోతే నా లెక్కలు మీకు అర్థం కావు. ఉద్యోగం మానేసి రెండేళ్లు దాటింది. ఇప్పుడు నాకు ఒకటో తారీఖు జీతం అనేది లేదు. ఒక నెల బాగా వస్తుంది, ఒక నెల పదకొండు వేలు కూడా వచ్చింది, నవ్వకండి. దాచుకున్న డబ్బులో 8 లక్షలు తీస్తాను, 10 లక్షలు లోన్, మొత్తం 18 లక్షలు. ఉండేది మియాపూర్ లో అద్దె ఫ్లాట్. సిటీలో నెలకి సుమారు 1,000 కిలోమీటర్లు తిరుగుతాను. అమ్మానాన్న బెజవాడలో ఉంటారు, మా ఇంటి నుంచి దగ్గర దగ్గర 300 కిలోమీటర్లు, రెండు నెలలకోసారి వెళ్తాను.

ఈ 18 లక్షలు పట్టుకుని బయటికి వెళ్తే రెండు దారులు కనిపిస్తాయి. ఒకటి, ఏడెనిమిదేళ్లు వాడిన ఆడి క్యూ3, బీఎండబ్ల్యూ ఎక్స్1, మెర్సిడెస్ జీఎల్ఏ లాంటి డీజిల్ బండ్లు. కొత్తప్పుడు ఇవి 40 లక్షలకి అటూ ఇటూ. రెండోది, నెక్సాన్ ఈవీ, ఎంజీ విండ్సర్ లాంటి కొత్త ఎలక్ట్రిక్.

నిజం చెప్పాలంటే నా మనసు మొదటి దాని మీదే ఉంది. బీటెక్ లో మా హాస్టల్ రూమ్ గోడ మీద ఉన్న పోస్టర్ అదే. ఆ మోజు అంత త్వరగా పోదు.

సరే, ఒక యూజ్డ్ కార్ డీలర్ దగ్గరికి వెళ్లాను. 2017 మోడల్, తెల్ల రంగు, డీజిల్ ఆటోమేటిక్, మీటర్ మీద 61,000 కిలోమీటర్లు. అడిగింది 17 లక్షలు, ఆగింది 16 దగ్గర. బ్రాండ్ పేరు మాత్రం చెప్పను, ఇక్కడ తప్పు కారుది కాదు. టెస్ట్ డ్రైవ్ కి ఓఆర్ఆర్ ఎక్కాం. అబ్బా, ఏం చెప్పమంటారు. డోర్ వేస్తే వచ్చే ఆ బరువైన చప్పుడు, వంద మీద కూడా లోపల మామూలు గొంతుతో మాట్లాడుకోగలగడం, స్టీరింగ్ లో ఆ బరువు. నేను ఇప్పటిదాకా రివ్యూ చేసిన 18 లక్షల కొత్త కార్లలో ఆ ఫీల్ ఏ ఒక్కదానిలోనూ లేదు. దిగగానే "భాయ్, ఇంకో ఇద్దరు చూసి వెళ్లారు" అన్నాడు డీలర్. నేను ఫోన్ తీసి 25,000 యూపీఐ కొట్టేశాను. రసీదు లేదు, కాగితం లేదు. ఎనిమిదేళ్లు సాఫ్ట్‌వేర్ లో కాకపోయినా ఐదేళ్లు కోడ్ రివ్యూ చేసిన మనిషిని, ఇక్కడ ఒక్క లైన్ కూడా చదవకుండా మెర్జ్ చేసేశాను.

ఆ రాత్రి నాన్నకి ఫోన్ చేశాను. మా నాన్న ఆర్టీసీ డిపోలో మెకానిక్ గా చేసి రిటైర్ అయ్యారు. డీజిల్ ఇంజన్లతోనే ఆయన జీవితం గడిచింది. సంతోషిస్తారనుకున్నాను. "పొద్దున్నే చల్లటి ఇంజన్ మీద స్టార్ట్ చేసి చూశావా?" అన్నారు. లేదన్నాను. "నేను వస్తున్నా, ఆగు" అన్నారు.

వచ్చింది దేంట్లోనో తెలుసా? ఈ-గరుడలో. టీఎస్‌ఆర్టీసీ 2023 మేలో హైదరాబాద్, బెజవాడ మధ్య మొదలుపెట్టిన ఎలక్ట్రిక్ బస్సు. మియాపూర్ లో దిగి మొదట అన్న మాట, "సౌండే లేదురా, నిద్ర పట్టేసింది". అప్పుడు నేను పట్టించుకోలేదు.

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి రమ్మన్నాడు డీలర్. నాన్న ఎనిమిదింటికే తీసుకెళ్లారు. బండి దగ్గరికి వెళ్లి ఏమీ మాట్లాడకుండా బానెట్ మీద చెయ్యి పెట్టారు. వెచ్చగా ఉంది. మేం రాకముందే ఎవరో స్టార్ట్ చేసి వేడి చేసి పెట్టారు. "వేడెక్కాక అన్ని ఇంజన్లూ బాగానే పాడతాయి" అన్నారు నాన్న నా వైపు చూసి. తర్వాత డోర్ తీసి బ్రేక్ పెడల్ మీద రబ్బరు చూపించారు, ఒక మూల పూర్తిగా నున్నగా అయిపోయింది. డ్రైవర్ సీటు ఎక్కి దిగే వైపు అంచు నలిగిపోయి ఉంది. "అరవై వేలకి ఇంత అరగదు."

అక్కడి నుంచి బండిని డీలర్ తో సంబంధం లేని వర్క్‌షాప్ కి తీసుకెళ్లాం. స్కానర్ పెట్టారు. ఇది మీకు బాగా పనికొచ్చే విషయం, వినండి. ఈ జర్మన్ బండ్లలో తిరిగిన కిలోమీటర్లు డాష్‌బోర్డ్ లో ఒక్కచోటే రాసి ఉండవు. చాలా బండ్లలో వేరే కంట్రోల్ మాడ్యూళ్లలో కూడా రికార్డ్ అవుతాయి. మీటర్ తిప్పేవాడు చాలాసార్లు కంటికి కనిపించేది ఒక్కటే మారుస్తాడు. మా బండి మీటర్ లో 61,000. ఇంకో మాడ్యూల్ లో 1,09,000. మెకానిక్ అన్న స్క్రీన్ నా వైపు తిప్పి "మీరే చదువుకోండి అన్నా" అన్నాడు.

డీలర్ ని అడిగితే "మాకు తెలీదు, పాత ఓనర్ అట్లనే ఇచ్చిండు" అన్నాడు. టోకెన్ లో 15,000 వెనక్కి వచ్చింది. 10,000 ఏదో ప్రాసెసింగ్ అట. నా దగ్గర కాగితం లేదు కాబట్టి నోరు మూసుకున్నాను. మీరైతే డబ్బు పంపే ముందు "ఇన్‌స్పెక్షన్ లో తేడా వస్తే మొత్తం వాపస్" అని డీలర్ చేత ఒక్క వాట్సాప్ మెసేజ్ అయినా పెట్టించుకోండి.

ఇక్కడితో అయిపోయిందనుకున్నారా? లేదు. నేను ఇంకో డీజిల్ వెతకడం మొదలుపెట్టాను. మోజు అన్నాను కదా. మంచి బండ్లు కూడా ఉన్నాయి, ఒక డాక్టర్ గారి బండి చూశాను, సర్వీస్ రికార్డ్ మొత్తం ఉంది. ఇంకొన్ని ఢిల్లీ నంబర్ బండ్లు మరీ చవగ్గా కనిపించాయి. దానికి కారణం ఉంది. ఢిల్లీ ఎన్‌సీఆర్ లో పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు తిరగకూడదని 2015లో ఎన్జీటీ చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు కూడా అదే అంది. ఆ తర్వాత కోర్టుల్లో ఆ విషయం మళ్లీ మళ్లీ వస్తూనే ఉంది. ఆ భయంతో అక్కడి వాళ్లు గడువు దగ్గర పడకముందే అమ్మేస్తారు. ఇక్కడికి తెచ్చుకుంటే ఎన్‌ఓసీ కావాలి, మళ్లీ తెలంగాణ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. యాడ్ లో ఉన్న రేటులో అది ఉండదు.

డాక్టర్ గారి బండి దగ్గర నన్ను ఆపింది బండి కాదు, మూడు ఫోన్ కాల్స్. ఒకటి స్పేర్స్ షాప్ కి. ఎల్ఈడీ హెడ్‌లైట్ ఒకటి లక్ష పైన. టైర్లు నాలుగూ కలిపి అరవై, డెబ్బై వేలు. ముందు డిస్కులూ ప్యాడ్లూ కలిపితే నలభై దాకా. మీరు కొన్నది 16 లక్షలకే కావచ్చు, దాని హెడ్‌లైట్ కి ఆ సంగతి తెలీదు కదా. అది 40 లక్షల బండి హెడ్‌లైటే. రెండో కాల్ ఇన్సూరెన్స్ కి. ఐదేళ్లో ఏడేళ్లో దాటిన బండికి జీరో డెప్రిసియేషన్ ఇవ్వడానికి చాలా కంపెనీలు ఒప్పుకోవు, అంటే ఆ హెడ్‌లైట్ పగిలితే సగం నా జేబులోంచే. మూడోది బ్యాంక్ కి. కొత్త ఈవీకి 9 శాతం చెప్పారు, పాత బండికి 13.5. పది లక్షలు ఐదేళ్లకి తీసుకుంటే ఈఎంఐ 20,800 దగ్గర ఉండాల్సింది 23,000 అవుతుంది. పైగా పేస్లిప్ లేదు కాబట్టి ఐటీ రిటర్న్స్ పట్టుకురమ్మన్నారు, అది రెండిటికీ ఒకటే.

జీతం ఉన్నవాళ్లకి లక్షన్నర బిల్లు వస్తే బాధ. నాలాంటి వాడికి వస్తే మూడు నెలల ఇంటి అద్దె పోయినట్టే. ఏ నెలలో వస్తుందో తెలియని ఆదాయం మీద ఏ నెలలో వస్తుందో తెలియని బిల్లు పెట్టుకోవడం, అది నాకు రాత్రి నిద్ర పట్టనివ్వలేదు.

ఇంకో మాట. డీపీఎఫ్ అని ఉంటుంది, సైలెన్సర్ దారిలో మసిని పట్టుకునే ఫిల్టర్. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 డీజిల్ కార్లలో ఉంటుంది, కొన్ని జర్మన్ బండ్లలో అంతకుముందు నుంచే ఉంది. ఆ మసిని కాల్చుకోవాలంటే ఫిల్టర్ బాగా వేడెక్కాలి, హైవే మీద ఓ ఇరవై నిమిషాలు పోతే ఆ పని అయిపోతుంది. కూకట్‌పల్లి ట్రాఫిక్ లో నాలుగు కిలోమీటర్లు పోయి ఆపేస్తే అవ్వదు, మసి పేరుకుపోతుంది. నా వాడకం సరిగ్గా అలాంటిదే.

సరే, ఈవీ వైపు వద్దాం. ఇక్కడ బండి కంటే పెద్ద సమస్య ప్లగ్ పాయింట్. మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీ అంకుల్ ని అడిగితే "చూడు బాబు, సెల్లార్ లో అది పేలితే ఎవరు బాధ్యత?" అన్నారు. నాకు కోపం వచ్చింది, కానీ ఆయన భయం ఆయనది. ఇంటి కనెక్షన్ తోనే ఈవీ ఛార్జ్ చేసుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ మార్గదర్శకాలు ఉన్నాయి. ప్రింట్ తీసి ఇచ్చాను. కాగితం చూసి ఎవరూ మారిపోరు లెండి. రెండు మీటింగులు పట్టింది. ఫ్లాట్ ఓనర్ గారు డాలస్ లో ఉంటారు, రాత్రి పదకొండింటికి కాల్ చేసి అడిగితే "నేనిక్కడ నడిపేది టెస్లానే, పెట్టించుకో" అని ఒక్క నిమిషంలో తేల్చేశారు. ఆ మాట స్పీకర్ లో వినిపించాక అంకుల్ కొంచెం మెత్తబడ్డారు.

చివరికి ఒప్పుకున్నది ఏంటంటే, సెల్లార్ లో ఉన్న నా సొంత మీటర్ నుంచే కేబుల్, విడిగా ఎంసీబీ, షాక్ కొట్టకుండా ఆర్‌సీసీబీ, పక్కన ఒక ఫైర్ ఎక్స్‌టింగ్విషర్. మొత్తం 14,000 అయింది. 15 యాంప్స్ సాకెట్ అంటే దాదాపు 3 కిలోవాట్లు. రాత్రి తొమ్మిది గంటలు పెడితే మర్నాడు 150 కిలోమీటర్ల పైనే తిరగొచ్చు. సిటీకి అది ఎక్కువే.

లెక్క చూద్దాం. ఆ డీజిల్ ఎస్‌యూవీ సిటీలో లీటరుకి 11 ఇస్తుంది అనుకుందాం. వెయ్యి కిలోమీటర్లకి 91 లీటర్లు, హైదరాబాద్ లో లీటరు 96 వేసుకుంటే 8,700. ఈవీకి ఛార్జింగ్ లో పోయే నష్టం కూడా కలిపి 160 యూనిట్లు. ఇంటి స్లాబ్ పెరిగిపోతుంది కాబట్టి యూనిట్ 10 రూపాయలే వేద్దాం, 1,600. నెలకి 7,100 తేడా. అంటే ఏడాదికి 85,000. పైగా తెలంగాణలో 2024 నవంబర్ జీవో ప్రకారం ఈవీలకి రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు లేవు, 2026 డిసెంబర్ 31 దాకా.

ఇంత విన్నాక ఈవీ దేవుడిచ్చిన వరం అనుకోకండి. నేను నడిపిన వాటిలో ఒకటి, కంపెనీ పేరు వద్దు, మధ్య రోడ్డులో స్క్రీన్ హ్యాంగ్ అయిపోయింది, ఏసీ తగ్గించడానికి కూడా లేదు. రీస్టార్ట్ చేస్తే వచ్చింది. నాకు పాత ఆఫీస్ గుర్తొచ్చింది. కొన్నిటిలో కింద బ్యాటరీ ఉండటంతో ఫ్లోర్ ఎత్తుగా ఉంటుంది, వెనక కూర్చుంటే మోకాళ్లు పైకి లేస్తాయి, మా అమ్మకి అది ఇబ్బందే. రీసేల్ సంగతి కూడా ఉంది. 2024 ఫిబ్రవరిలో టాటా నెక్సాన్ ఈవీ రేటు 1.2 లక్షల దాకా తగ్గించింది. అంతకుముందు నెలలో కొన్నవాళ్ల మొహాలు ఊహించుకోండి.

బెజవాడ ట్రిప్ అయితే ఇంకా తేలని విషయం. 45 కిలోవాట్ అవర్ బ్యాటరీతో హైవే మీద 90 లో పోతే 300 అందీ అందనట్టు ఉంటుంది. కాబట్టి సూర్యాపేట దగ్గర ఒకసారి ఆగాలి. మామూలు రోజుల్లో టీ తాగే లోపు పని జరిగిపోతుంది. సంక్రాంతి ముందు రోజు పంతంగి టోల్ దగ్గర క్యూ చూశారు కదా, అదే జనం ఛార్జర్ దగ్గర కూడా ఉంటే? సంక్రాంతికి డీజిలే రాజు, అందులో నాకు అనుమానం లేదు. మీకు రోజూ వంద కిలోమీటర్ల హైవే ఉండి, పార్కింగ్ లో ప్లగ్ దొరకకపోతే, అనుకోని బిల్లుకి పక్కన మూడు లక్షలు పెట్టుకోగలిగితే, డాక్టర్ గారి లాంటి బండి హ్యాపీగా తీసుకోండి. నేనే ఫోన్ నంబర్ ఇచ్చేవాణ్ణి, కానీ అది అమ్ముడుపోయింది. నేను ఆ రోజు కొంచెం డల్ గానే ఉన్నాను.

నెక్సాన్ ఈవీ 45 బుక్ చేశాను, మధ్య వేరియంట్. ఇన్సూరెన్స్ తో కలిపి 17 లక్షల లోపే పడింది, మిగిలింది పక్కన పెట్టేశాను. నాన్నకి చెప్తే "ఇంజనే లేని బండికి నేనొచ్చి ఏం చూడాలిరా" అన్నారు. మళ్లీ పది నిమిషాలకి ఆయనే ఫోన్ చేసి డెలివరీ ఏ రోజు అని అడిగారు. ఈ-గరుడకి టికెట్ తీసుకున్నారట.

డెలివరీ వచ్చే గురువారం. సెక్రటరీ అంకుల్ కొత్త రూల్ ఒకటి పెట్టారు, మొదటి నెలంతా రోజూ రాత్రి సాకెట్ ఫోటో తీసి గ్రూప్ లో పెట్టాలట. పెడతాను. సూర్యాపేట ఛార్జర్ దగ్గర ఎంతసేపు ఆగామో, నాన్న అక్కడ ఏమన్నారో ట్రిప్ అయ్యాక ఎపిసోడ్ లో చూపిస్తాను. ఉంటా మరి.