ఆగవలసిన చోట ఆగే లోహం
(పట్టాభిరామ్ పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఈ బడిలో చదివిన రసాయన శాస్త్రంలో ఒక వాక్యం ఉండేది: నికెల్ సమక్షంలో నూనెకు హైడ్రోజన్ చేర్చినచో వనస్పతి లభించును. పరీక్షలో దానిని వ్రాసి మార్కులు తెచ్చుకొన్నాము. ఆ వాక్యం చెప్పక విడిచిన సంగతి నేడు చెప్పదలచినాను.

నూనె అణువులలోని ద్విబంధాలు నికెల్‌పై హైడ్రోజన్‌ను గ్రహించగా నూనె గట్టిపడుతుంది. అయితే కొన్ని ద్విబంధాలు ఒక్క హైడ్రోజన్‌ను అందుకొని, మరల హైడ్రోజన్‌ను విడిచి, పూర్వపు వంపు పోగొట్టుకొని, తిన్నని ట్రాన్స్ రూపంలో తిరిగి ఏర్పడతాయి. పండుగ పిండివంటలు ఎన్నింటిని ఆ డబ్బాతోనే చేసుకొన్నాము! ఈ ట్రాన్స్ కొవ్వు గుండెకు చేటని తేలిన మీదట, 2022 జనవరి నుండి మన దేశంలో నూనెలు, కొవ్వులలో దానిని 2 శాతానికి పరిమితం చేసినారు.

లోహానికి చురుకుదనం ఒక్కటే చాలదన్నమాట. విటమిన్ ఎ తయారీలో ఒక దశలో త్రికబంధాన్ని ద్విబంధం వద్దనే ఆపవలె. మామూలు పలాడియం అక్కడ ఆగక ఏకబంధం దాకా పోతుంది. స్విట్జర్లాండులో పనిచేసిన హెర్బర్ట్ లిండ్లార్ 1952లో దీనికొక ఉపాయం ప్రకటించినారు. కాల్షియం కార్బొనేట్‌పై పరచిన పలాడియానికి సీసం కలిపినారు. రసాయనికులు దీనిని విషం పెట్టడమనే అంటారు! సీసం వల్ల లోహం పట్టు సడలుతుంది. గట్టిగా అంటుకొనే త్రికబంధం నిలుస్తుంది, ద్విబంధం జారిపోతుంది. రెండు హైడ్రోజన్‌లూ ఒకే ప్రక్కనుండి చేరుతాయి గనుక సిస్ వంపు దక్కుతుంది.

కాని సీసం సీసమే. హైదరాబాదు ప్రాంతీయ పరిశోధనాలయంలో, అనగా నేటి భారతీయ రసాయన సాంకేతిక సంస్థలో, బి.ఎం. చౌదరి ప్రభృతులు 1980వ దశకంలో వేరొక దారి పట్టినారు. మాంట్‌మోరిలొనైట్ అనే బంకమన్ను పొరల నడుమ పలాడియాన్ని ఫాస్ఫీన్‌తో బంధించి, త్రికబంధాన్ని సిస్ ద్విబంధంగా మార్చినారు. మన్ను ఘనపదార్థం, పని ముగియగానే వడగట్టి తీసివేయవచ్చు. మన తెలుగువారి ఈ పని మన పిల్లలకు తెలియకపోవడం నాకు కష్టంగానే ఉన్నది.

ఇంకొక్క మాట. లిండ్లార్ ఉత్ప్రేరకాన్ని సైతం గంటల తరబడి వదలివేస్తే ద్విబంధాన్ని మ్రింగకపోదు. అందుచేతనే ప్రయోగశాలలో బ్యూరెట్ ఎదుట కాచుకొని కూర్చొని, లెక్కకు తగిన హైడ్రోజన్ లోనికి పోయిన క్షణాన కవాటం మూస్తారు.