హోమ్ థియేటర్ ఎంపిక – ఇల్లాలి పాత్ర



హోమ్ థియేటర్ కొనడం మగవాళ్ల వ్యవహారమని మనలో చాలామంది పక్కకు తప్పుకుంటాం. లక్ష రూపాయలు దాటే వస్తువు ఇంట్లోకి వస్తుంటే, ఆ గదిని ఊడ్చి, తుడిచి, సర్దేది మనమే అయినప్పుడు, మన మాట లేకుండా బేరం తేలిపోవడం ఏం సబబు చెప్పండి? పైగా ఆ గది సంగతి మనకు తెలిసినంతగా దుకాణదారుకు తెలియదు. ఈ వ్యవహారంలో సగం గదిదే.

మా అమలాపురం చుట్టుపక్కల పాత మండువా లోగిళ్లు చూసినవారికి ఇది తేలిగ్గా బోధపడుతుంది. పైన పెంకు, నడుమ తెరిచిన మండువా. చప్పుడు పైకి పోయేది, మాట మాటగానే వినబడేది. ఇప్పటి డాబా ఇళ్లలో కింద టైల్సు, చుట్టూ నున్నటి గోడలు, పైన శ్లాబు. ఖాళీ గదిలో ఒకసారి చప్పట్లు కొట్టి చూడండి, ఖంగుమంటుంది. సినిమా సంభాషణకీ అదే గతి. నాయిక ఏమందో తెలీక సౌండు పెంచుతాం, అంతలో ఫైటింగు వచ్చి పసిపిల్ల ఉలిక్కిపడి లేస్తుంది. పెద్దవాళ్లేమో "నాకు చెవుడొచ్చిందర్రా" అని చిన్నబుచ్చుకుంటారు. లోపం గదిది కావచ్చునని ఎవరికీ తోచదు.

ఇంకో చిక్కుంది. గోడకీ గోడకీ మధ్య 12 అడుగులుంటే, సెకనుకు సుమారు 47 కంపనాలుండే లోతైన మోత గోడల దగ్గర బుయ్యిమని ఉబ్బుతుంది, నడిమధ్యన సన్నగిల్లుతుంది. నలుచదరపు గదిలో ఈ బాధ మరీ ఎక్కువ.

దీనికి విరుగుడే రూమ్ కరెక్షన్ సాఫ్ట్‌వేర్. చిన్న మైకును చెవి ఎత్తున పెడితే, యంత్రం ఒక్కొక్క స్పీకరు చేత కూత వేయించి, తానే విని, ఏది ఎంత దూరంలో ఉంది, ఏ స్వరం ఉబ్బుతోంది అని లెక్కకట్టి సవరిస్తుంది. డెనాన్, మరాంట్జ్ లలో ఆడిసీ, యమహాలో వైపీఏఓ, ఆంథెమ్ లో ఏఆర్‌సీ అని ఒక్కొక్కరిది ఒక్కో పేరు. డిరాక్ అనేది మరొకటి. కొన్ని మోడళ్లలో దానికి విడిగా డబ్బు కట్టాలి. ఆ మాట బేరానికి ముందే అడగండి.

ప్రాసెసరు అంటే లెక్కలు కట్టే బుర్ర మాత్రమే. స్పీకర్లను పలికించే ఆంప్లిఫయరు వేరే కొనాలి. రిసీవరులో రెండూ కలిసే ఉంటాయి. మామూలు హాలుకి, అయిదు స్పీకర్లకి రిసీవరు చాలునని నా అభిప్రాయం.

సాఫ్ట్‌వేర్ ఉబ్బిన మోతను అణచగలదు. సన్నగిల్లిన చోట మాత్రం ఎంత పోసినా చిల్లికుండే! సోఫానో, సబ్‌వూఫరునో జరపాలి. ఖంగుమనే గోడలకూ అది మందు కాదు. మందపాటి తెరలు, తివాసీ, పుస్తకాల బీరువా ఆ పని చేస్తాయి. లోతైన మోతకు మాత్రం తెరలు ఆనవు. కాబట్టి రెండూ కావాలి.

దుకాణంలో వినిపించిన దానికి మురిసిపోకండి, అది వాళ్ల గది. మన ఇంటికొచ్చి కొలిచి ఇస్తారా, సవరణ ఆపి, మళ్లీ పెట్టి పోల్చుకునే వీలుందా, రిపేరొస్తే రాజమండ్రిలో చూస్తారా, హైదరాబాదు పంపాలా, అడగండి.

కొలిచే రోజున ఫ్యాన్లు, ఏసీ, నీళ్ల మోటారు, వంటింట్లో కుక్కరు, అన్నీ ఆపెయ్యాలి. మైకును సోఫా వీపుకి ఆనించకుండా స్టాండు మీద పెట్టించండి. సోఫాలో నడుమ చోటుతో మొదలుపెట్టి, అత్తగారి పడక్కుర్చీతో సహా మనవాళ్లు కూర్చునే చోట్లన్నీ కొలిపించండి. సబ్‌వూఫరు దూరం ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తే కంగారు పడకండి, దాని లోపలి ఆలస్యాన్ని కూడా కలిపి చెబుతుందది.

అయినా మాట ఆనకపోతే మధ్య స్పీకరును రెండు మూడు డెసిబెల్స్ పెంచుకోండి, సంభాషణ ఎక్కువగా వచ్చేది దాన్లోంచే. దాన్ని టీవీ అరలో లోపలికి తోసేసి, ముందు అల్లిక గుడ్డ వేలాడదీసి, ఫ్లవర్ వాజు పెట్టకండి. అర అంచుదాకా లాగి, చెవుల వైపు చూసేటట్టు కాస్త ఎత్తి పెట్టండి.

సెలవు.