చేతికి, చెవికి తెలిసే రికార్డర్
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

2022 ఏప్రిల్ నుంచి మన జిల్లా పేరు ఎన్టీఆర్ జిల్లా అయింది. అయినా ఎక్కడ కలిసినా మనం కృష్ణా జిల్లా మెట్టవాళ్లమనే చెప్పుకుంటాం.

స్వర్ణోత్సవ గుర్తుగా జగ్గయ్యపేట, నందిగామల చుట్టుపక్కల చదువుకుంటున్న చూపులేని విద్యార్థులకు వాయిస్ రికార్డర్లు కొనివ్వాలని మన సంఘం తలపెట్టింది. ఈ బడిలో పదో తరగతి దాటిన కొన్నేళ్లకు నాకు చూపు పోయింది కనుక, ఏది కొంటే బాగుంటుందో చెప్పమని నన్ను అడిగారు. నా అభిప్రాయం ముందే చెబుతాను. ధ్వని ఎంత బాగా వస్తుందన్నది రెండో ప్రశ్న. రికార్డవుతోందో లేదో పక్కవాళ్లను అడగకుండా ఆ విద్యార్థికి తెలుస్తుందా అన్నది మొదటి ప్రశ్న.

చూపున్నవాళ్లకు ఇది పెద్ద విషయంగా తోచదు. ఎర్ర దీపం వెలుగుతుంది, తెర మీద అంకెలు కదులుతాయి, ఒక చూపు చూస్తే సరిపోతుంది. చూపులేని విద్యార్థికి ఆ దీపం ఉన్నా లేనట్టే. గంటసేపు పాఠం విని, ఇంటికెళ్లి బటన్ నొక్కితే అందులో ఏమీ లేకపోతే? మాస్టారు ఆ గంట మళ్లీ చెప్పలేరు. పక్కవాడి నోట్సు అడిగి తెచ్చుకున్నా దాన్ని చదివిపెట్టేవాళ్లు కావాలి. చాలామందికి రికార్డరే నోట్సు పుస్తకం.

అంధులకూ రికార్డింగుకూ ఉన్న సంబంధం పాతది. ఎడిసన్ 1877లో ఫోనోగ్రాఫ్ కనిపెట్టాడు. మరుసటి ఏడు దాని ఉపయోగాల మీద రాసిన వ్యాసంలో, అంధులకు వినిపించే పుస్తకాలనూ పేర్కొన్నాడు. మన సంఘం మొదలైన రోజుల్లో ఇళ్లలోకి వచ్చిన క్యాసెట్ రికార్డర్‌ను గుర్తు చేసుకోండి. రెండు మీటలు కలిపి కిందికి నొక్కితే అవి అలాగే దిగి ఉండేవి. వేలు పెట్టి చూస్తే రికార్డవుతోందని తెలిసేది. చాలావాటిలో టేపు అయిపోగానే మీట టక్కున పైకి లేచేది. అంధుల కోసమని ఎవరూ తయారు చేయకపోయినా అది చేతికి, చెవికి సమాచారం ఇచ్చేది. ఆ తరువాత వచ్చిన చిన్న చిన్న డిజిటల్ యంత్రాల్లో ధ్వని మెరుగైంది కానీ, చెప్పాల్సిందంతా తెర మీదికి పోయింది.

అందుకని కొనేముందు ఈ ఐదు సంగతులు చూడమని నా మనవి.

మొదటిది, బటన్లు. రికార్డు బటన్ మిగతావాటికంటే పెద్దదిగానో, గుంటగానో, ఉబ్బెత్తుగానో ఉండాలి. మొదలైనప్పుడు ఒక రకం, ఆగినప్పుడు మరో రకం శబ్దం రావాలి. రెండింటికీ ఒకే బీప్ వస్తే మొదలైందో ఆగిందో తెలియదు. పక్కకు జరిపే స్విచ్ ఉంటే ఇంకా మేలు, దాని స్థానమే సంగతి చెబుతుంది. బటన్లన్నీ ఒకేలా ఉన్న యంత్రమైతే రికార్డు బటన్ పక్కన ఎంసీల్‌తో చిన్న చుక్క పెట్టుకోవచ్చు. తాకితే పనిచేసే తెర మాత్రమే ఉండి, అది మాట్లాడకపోతే మాత్రం ఏ చుక్కా సాయం చేయదు.

రెండోది, మాట. కొన్ని రికార్డర్లు మెనూలను చదివి వినిపిస్తాయి. ఓలింపస్ డీఎం వరుసలోని కొన్ని మోడళ్లు ఇందువల్లే అంధుల్లో పేరు తెచ్చుకున్నాయి. 2021లో ఆ వ్యాపారం ఓఎం డిజిటల్ సొల్యూషన్స్‌కు మారింది. జూమ్ సంస్థ 2024లో తెచ్చిన హెచ్1 ఎసెన్షియల్ కూడా మాట్లాడుతుంది. అయితే మాట్లాడుతుందని పెట్టె మీద ఉంటే చాలదు. బ్యాటరీ ఎంత ఉందో, కార్డులో ఎంత ఖాళీ ఉందో, ఏ ఫైలు మీద ఉన్నామో, దేన్ని చెరిపేయబోతున్నామో కూడా చెబుతుందా అని అడగాలి. చెరిపే చోట మౌనంగా ఉండే యంత్రం ప్రమాదం. ఇంకొకటి, ఇవి తెలుగులో మాట్లాడవు. ఇంగ్లీషు మాటలు ఓ పాతిక నేర్పించే బాధ్యత కూడా మనదే.

మూడోది, శబ్దం స్థాయి. మాస్టారు బోర్డు వైపు తిరిగితే గొంతు తగ్గుతుంది, క్లాసంతా నవ్వితే ఒక్కసారిగా పెరుగుతుంది. మామూలు యంత్రాల్లో తెర మీది ముల్లు చూస్తూ స్థాయి సరిచేసుకోవాలి, లేదా ఆ పని యంత్రానికే వదిలేయాలి. 32 బిట్ ఫ్లోట్ అనే పద్ధతిలో రికార్డు చేసే హెచ్1 ఎసెన్షియల్‌లో ముందుగా స్థాయి పెట్టుకునే పని లేదు. తరువాత పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. చూడలేనివాళ్లకు ఇది మంచి సౌకర్యం. మన క్లాసుల్లో సీలింగ్ ఫ్యాన్ల హోరు ఎలాగూ తప్పదు. ఆ హోరును తగ్గించే లో కట్ అనే ఏర్పాటు ఉందేమో చూడాలి. అన్నిటికంటే ముందు ఆ విద్యార్థిని మొదటి వరుసలో కూర్చోబెట్టాలి.

నాలుగోది, ఫైళ్ల పరిమాణం. పైన చెప్పిన సౌకర్యానికి ఖర్చు ఇక్కడ పడుతుంది. 128 కేబీపీఎస్ ఎంపీ3లో గంట పాఠం సుమారు 58 ఎంబీ. 32 బిట్ ఫ్లోట్‌లో, 48 కిలోహెర్ట్జ్ స్టీరియోలో అదే గంట సుమారు 1.4 జీబీ. అంటే 32 జీబీ కార్డులో ఎంపీ3 అయితే 500 గంటలకు పైగా పడుతుంది, రెండోది 23 గంటలే. రోజుకు 45 నిమిషాల పీరియడ్లు 6 రికార్డు చేస్తే ఐదారు రోజుల్లో కార్డు నిండుతుంది. ఇంట్లో కంప్యూటర్ లేని విద్యార్థికి ఎంపీ3లో రికార్డు చేసేదే సుఖం. పాటలు పాడే పిల్లకో, పెద్దవాళ్ల కథలు, పొలం పాటలు సేకరించాలనుకునే కుర్రాడికో రెండోది నప్పుతుంది. మైక్రో ఎస్‌డీ కార్డు గోరంత ఉంటుంది, కిందపడితే వెతుక్కోవడం కష్టం. కార్డు తీయకుండా కేబుల్‌తో ఫైళ్లు మార్చుకునే వీలు ఉండాలి.

ఐదోది, బ్యాటరీ. ఏఏ, ఏఏఏ సెల్లులతో నడిచేదైతే ఏ ఊళ్లోనైనా కిరాణా కొట్లో దొరుకుతాయి. సెల్లు ఎటువైపు పెట్టాలో వేలితో తెలుస్తుందా, సెల్లు మారిస్తే తేదీ, సమయం చెరిగిపోతాయా అన్నవీ చూడాలి.

సెల్‌ఫోన్ ఉండగా ఇదంతా ఎందుకని కొందరు మిత్రులు అడిగారు. న్యాయమైన ప్రశ్న. ఆండ్రాయిడ్ ఫోన్‌లో టాక్‌బ్యాక్ పెట్టుకుంటే అది తెలుగులోనే చదివి వినిపిస్తుంది. ఫైలుకు పేరు పెట్టుకోవచ్చు, వాట్సాప్‌లో పంపుకోవచ్చు. ఫోన్ వాడకం వచ్చినవాళ్లకు అదే చాలు. కాకపోతే ఇయర్‌ఫోన్ పెట్టుకోకుంటే టాక్‌బ్యాక్ మాటలు కూడా పాఠంలో కలుస్తాయి. మధ్యలో ఫోన్ వస్తే రికార్డింగు ఆగిపోవచ్చు. ఇంటిల్లిపాదికీ ఒకటే ఫోన్ ఉన్నచోట అది బడికి రాదు. కొన్ని బడులు ఫోన్ తేనివ్వవు. పుస్తకాలు కూడా వినాలనుకునేవారికి హ్యూమన్‌వేర్ వారి విక్టర్ రీడర్ స్ట్రీమ్ లాంటివి ఉన్నాయి. అవి డైసీ పుస్తకాలు వినిపిస్తాయి, మాటలు రికార్డు చేస్తాయి, బటన్లు పాత టెలిఫోన్ అంకెల్లా వరుసగా ఉంటాయి.

ఇక అసలు మనవి. అందరికీ ఒకే మోడల్ కొని, వేదిక మీద శాలువాతో పాటు ఇచ్చి ఫోటో తీసుకోవడం సులువు. దయచేసి అలా చేయవద్దు. విజయవాడలో ఒక దుకాణానికి మా మేనల్లుడిని వెంటబెట్టుకుని వెళ్లాను. కొనేది నేనని చెప్పినా దుకాణదారు పెట్టె విప్పి యంత్రాన్ని వాడి చేతిలోనే పెట్టాడు. తెర చాలా బాగుంటుంది సార్ అని నాకు చెప్పాడు! మనం కూడా మంచి మనసుతోనే అదే పని చేసే ప్రమాదం ఉంది. కమిటీ వాళ్లు కళ్లు మూసుకుని నొక్కి చూసినా సరిపోదు, ఏ బటన్ ఎక్కడుందో వాళ్లు అప్పటికే చూసి ఉంటారు.

మొదట రెండు మూడు రకాలు ఒక్కొక్కటే కొందాం. వాటిని మన బడి గ్రంథాలయంలో ఉంచి, ఒక్కో విద్యార్థికి వారం చొప్పున ఇద్దాం. ఎవరి సాయం లేకుండా పాఠం రికార్డు చేసి, వెతికి పట్టుకుని, విని, అక్కర్లేనిది చెరిపి రావాలి. ఈ నాలుగూ ఏ యంత్రంతో చేయగలిగితే ఆ విద్యార్థికి అదే కొందాం. ఇద్దరికి రెండు రకాలు నచ్చితే రెండు రకాలూ కొందాం. నెలరోజులు వెంట ఉండి నేర్పడానికి జగ్గయ్యపేటలో ఒకరు, నందిగామలో ఒకరు ముందుకొస్తే చాలు. జగ్గయ్యపేట వైపు నేను ఉంటాను. పాఠం రికార్డు చేసేముందు మాస్టారి అనుమతి అడగడం కూడా అందులోనే నేర్పిద్దాం.

అమెరికాలో, హైదరాబాదులో ఉన్న మిత్రులకు ఒక మాట. డబ్బుతో పాటు మీ గొంతు కూడా పంపవచ్చు. వైకల్యం ఉన్నవారు చదువుకోవడానికి వీలుగా పుస్తకాలను మరో రూపంలోకి మార్చుకోవడానికి 2012లో సవరించిన మన కాపీరైట్ చట్టం అవకాశం ఇచ్చింది. 2016లో మొదలైన సుగమ్య పుస్తకాలయలో అలాంటి పుస్తకాలు చాలా ఉన్నాయి. అక్కడ దొరకని తెలుగు పాఠాలను వారానికి ఒకటి చదివి పంపండి. మీరు ఈ బడిలో చదివిన పాఠాలే కదా, నోరు తిరగకపోదు.

కమిటీ వారు కొనుగోలు గురించి చర్చించే రోజున ఆ విద్యార్థుల్ని కూడా పిలిచి కూర్చోబెట్టమని కోరుతూ, సెలవు తీసుకుంటున్నాను.