నేలక్రింది సంగీతము



బొగ్గుబాయిలో చిరకాలము పనిచేసిన వృద్ధుని ఎవరినైనను గోదావరిఖనిలో అడిగి చూడుడు. బాయిలో దిగిన మనిషి చెవికి మొదట నేర్పవలసిన విద్య కప్పును తట్టి వినుట అని చెప్పును. తలపైనున్న రాతిపొరను కర్రతో గాని ఇనుపకడ్డీతో గాని తట్టుదురు. ఖంగుమని గట్టిగా పలికినచో ఆ పొర పైపొరను అంటిపట్టుకొని యున్నదని అర్థము. డొల్లగా పలికినచో అది విడివడినదని, అక్కడ నిలువరాదని అర్థము. తెలియని వానికి రెండును చప్పుళ్లే. తెలిసినవానికి ఆ రెంటి నడుమ ప్రాణమంత భేదము కలదు.

నేడు మేము ముచ్చటింపదలచినది కూడ చప్పుడును గూర్చియే. ఎక్‌స్ట్రీమ్ మెటల్ అను పేర ఒక పాశ్చాత్య సంగీతము కలదు. డెత్ మెటల్, బ్లాక్ మెటల్, గ్రైండ్‌కోర్ అనునవి దాని శాఖలు. నగరములకు చదువులకై వెళ్లిన యువకులలో కొందరు దానిని వెంటబెట్టుకొని ఇంటికి వచ్చుచున్నారు. రాత్రి షిఫ్టు ముగించి వచ్చిన తండ్రి చెవిని ఆ మోత పడును. “రాత్రంత బాయిల మోత ఇని అస్తి. ఇంట్ల గూడ గదే మోతనారా? దీన్ని పాటంటరా?” అని ఆయన అడుగును. కుమారుడు మారుపలుకక తలుపు వేసికొనును. తండ్రి ప్రశ్న అన్యాయమైనది కాదు. దానికి సమాధానము వెదకుటయే మా ఉద్దేశము.

ఈ సంగీతమును అండర్‌గ్రౌండ్ సంగీతమందురు. మన ప్రాంతములో ఆ మాటకు అర్థము వేరు; ఓపెన్‌కాస్టు కాని గని, తలకు దీపము తగిలించుకొని దిగవలసిన గని. సంగీతములో దాని అర్థము, సినిమా కంపెనీల పెట్టుబడియు, రేడియో ప్రసారమును, పెద్ద ప్రకటనలును లేకయే బ్రతుకునది అని. 1980 దశకములో ఐరోపా, అమెరికా యువకులు ఒకరి టేపులు మరియొకరికి తపాలాలో పంపుకొని దీనిని ఖండాంతరములకు వ్యాపింపజేసిరి. మన బొగ్గు పట్టణములకు ఇది వింత కారాదు. 1972లో వెలసిన జన నాట్య మండలి పాటలు, గద్దరు గొంతు, క్యాసెట్లలో చేతినుండి చేతికి సాగి కార్మికవాడలకు చేరలేదా? వాని ఆశయము వేరు, దీని స్వభావము వేరు. కాని రాజమార్గము దొరకని పాట కాలిబాట వెదకుకొనుట రెండింటికిని సమానమే.

ఇక దీని జన్మస్థానము. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ కర్మాగారముల ఊరు. 1965లో అక్కడ ఒక రేకుల కర్మాగారములో పనిచేయుచున్న టోనీ అయోమీ అను పదునేడేండ్ల బాలుని కుడిచేయి యంత్రములో పడి, నడిమివ్రేలి కొనయు ఉంగరపువ్రేలి కొనయు తెగిపోయినవి. ఆ ఉద్యోగములో అది అతని చివరి దినము. అతడు ఎడమచేతి వాటము గల గిటారు వాద్యకాడు. తీగలను నొక్కవలసినవి ఆ వ్రేళ్లే. కర్మాగారపు మేస్త్రి అతనికి జాంగో రైన్‌హార్ట్ రికార్డు వినిపించెను. అగ్నిప్రమాదములో రెండు వ్రేళ్లు చెడినను గిటారు మానని విద్వాంసుడాయన. అయోమీ ప్లాస్టిక్ సీసాను కరగించి తన వ్రేళ్లకు తొడుగులు చేసికొనెను. తరువాతి కాలమున తీగల బిగువు తగ్గించుటకై శ్రుతిని దించెను. శ్రుతి దిగగా నాదము బరువెక్కెను. 1970 ఫిబ్రవరి 13న వెలువడిన బ్లాక్ సబ్బత్ బృందపు తొలి రికార్డుతో మెటల్ సంగీతము ఆరంభమైనదని పలువురు చెప్పుదురు. గాయపడిన ఒక కార్మికుని చేయి ఈ సంగీతమునకు మొదట రూపమిచ్చినదను మాట బొగ్గుబాయి ఇంటివారు గమనింపదగినది.

దాని సంతతి కూడ అట్టి ఊళ్లలోనే పెరిగినది. శతాబ్దముల తరబడి బొగ్గును ఎగుమతి చేసిన న్యూకాసిల్ నుండి వచ్చిన వెనమ్ అను బృందము 1982లో బ్లాక్ మెటల్ అను రికార్డు వెలువరించెను. ఒక శాఖకు ఆ పేరే స్థిరపడినది. బర్మింగ్‌హామ్ ప్రాంతమునుండియే నాపామ్ డెత్ అను బృందము 1987లో స్కమ్ అను రికార్డుతో గ్రైండ్‌కోర్ శాఖకు దారి వేసెను. యంత్రముల నడుమ పెరిగినవారు యంత్రనాదమును తమ ఇచ్ఛకు లొంగదీసికొనిరని మా అభిప్రాయము. ఆ తండ్రి ప్రశ్నకు ఇదియే మొదటి సమాధానము. బాయిలో మోత మనిషిని ఏలును. ఇక్కడ మనిషి మోతను ఏలుచున్నాడు.

అది ఎట్లో వివరింతుము. గిటారు నాదమును యాంప్లిఫయరు మోయగలిగినంతకు మించి పెంచినచో తరంగపు కొనలు తెగి, అసలు స్వరముతోపాటు అనేక అనుస్వరములు పుట్టును. ఆ గరగర పొరపాటు కాదు, కావలెనని తెచ్చుకొన్నది. మద్దెలవాద్యకాడు రెండు కాళ్లతో పెద్ద డోలును, చేతులతో చిన్నదానిని నిమిషమునకు 200కు పైబడిన గతిలో నడుపును. ఆ గతి ఒక్క లిప్త తప్పినను బృందమంతయు చెదరును. ఇక గాయకుని హుంకారము. స్వరతంత్రులకు పైన మరియొక జత కండపొరలు కలవు. సాధకులు వానిని కంపింపజేసి ఆ గంభీరధ్వనిని పుట్టింతురు. సాధన లేక అరచినవాని గొంతు కొద్దిదినములలో పాడగును. కావున ఇది ఎవరైనను చేయగల అరపు కాదు, అభ్యాసముతో వచ్చిన విద్య.

మన దేశమునకు ఈ విద్య టేపులతోను, కళాశాల ఉత్సవములతోను వచ్చినది. బెంగుళూరులో 1991లో డైయింగ్ ఎంబ్రేస్ అను బృందము ఏర్పడినది. 1993లో అలహాబాదునుండి రాక్ స్ట్రీట్ జర్నల్ అను పత్రిక వెలువడి, చెదరియున్న బృందములను ఒకదానికొకటి పరిచయము చేసినది. బొంబాయిలో 2000లో డెమోనిక్ రెసరెక్షన్, 2003లో భయానక్ మౌత్ బృందములు పుట్టినవి. 2012 నుండి బెంగుళూరు ఓపెన్ ఎయిర్ అను ఉత్సవము జరుగుచు వచ్చినది. ఈ గాయకులలో అధికులు పగలు ఉద్యోగము చేసి రాత్రి సాధన చేయువారు. వాద్యములు ఖరీదైనవి, ఇరుగుపొరుగు ఓర్చునట్టి సాధనశాల దొరకుట అరుదు, శ్రోతలు కొద్దిమంది. సినిమాపాట పాడినచో వచ్చు ధనములో స్వల్పాంశము కూడ వారికి రాదు. అయినను మానకుండుటలోనే వారి నిష్ఠ తెలియుచున్నది.

తెలుగుగడ్డపై కూడ ఈ సంగీతము లేకపోలేదు. హైదరాబాదులో 2015లో గాడ్‌లెస్ అను డెత్ మెటల్ బృందము ఏర్పడినది. 2016లో సెంచురీస్ ఆఫ్ డెకడెన్స్, 2018లో స్వార్మ్ అను చిన్న సంపుటములను, 2021లో స్టేట్స్ ఆఫ్ కేయాస్ అను పూర్తి సంపుటమును వెలువరించినది. పేరునకు నిరీశ్వరమని అర్థము. దానిని విన్నంతనే పెద్దలు ముఖము చిట్లింతురు. పాటలు ఆంగ్లములోనివి. మన భాష ఈ నాదమునకు ఒదుగదా అను సందేహము కలుగవచ్చును. 1992లో సింగపూరులో ఏర్పడిన రుద్ర అను బృందము వేదాంత విషయములను, సంస్కృత వాక్యములను ఈ సంగీతములోనే ఇమిడ్చినది. ఒత్తక్షరములకును, ద్విత్వములకును కొదువలేని తెలుగునకు అది అసాధ్యము కాదని మేము తలచుచున్నాము.

వినువారిలో పలువురు ‘ఇందులో శ్రావ్యత ఏది, భక్తి ఏది, శాంతి ఏది?’ అని అడుగుదురు. భరతముని చెప్పిన రసములు ఎనిమిది. వానిలో రౌద్రము, భయానకము, బీభత్సము కలవు. శృంగారమొక్కటే రసమని ఆయన అనలేదు. చిందు యక్షగానములో రాక్షసపాత్ర హుంకరించుచు వచ్చునప్పుడు తల్లి చంకలోని బిడ్డ ఏడ్చును, చుట్టునున్నవారు సంతోషింతురు. ఒగ్గుకథలో డోళ్లు ఒక్కుమ్మడి మ్రోగినపుడు పక్కవాని మాట వినబడదు. ఎవరును దానిని మోత అనరు. డప్పును మంటకు కాచి చర్మము బిగిసిన పిమ్మట వాయించునది గుండె అదరుటకే గదా! భయమును, క్రోధమును ఆటలో అనుభవించి, ఇంటికి తేలికపడి వెళ్లుట మన గ్రామములు ఎరుగని విషయము కాదు.

రేడియో శ్రోతలకు ఒక సంగతి జ్ఞాపకము చేయుదుము. 1940లో ఆకాశవాణి హార్మోనియమును నిషేధించినది. అది విదేశీయమనియు, గమకములు పలుకదనియు ఆక్షేపణ. 1971లో గాని ఆ నిషేధము సడలలేదు. నేడు హార్మోనియము లేని భజనను ఊహింపగలమా? పాలకొల్లులో పుట్టిన శ్రీనివాస్ విద్యుత్ మాండలిన్ చేతబట్టినపుడు, కర్ణాటక సంగీతమునకు ఆ వాద్యము తగదన్నవారు కలరు. తరువాత వారే సభలకు ముందుగా వచ్చి కూర్చుండిరి. కొత్త నాదమునకు మన చెవి తెరచుకొనుటకు కొంత కాలము పట్టును.

అట్లని అన్నిటిని మెచ్చవలెనని మా అభిప్రాయము కాదు. ఈ సంగీతములో కేవలము జుగుప్సకై వ్రాసిన పాటలు ఉన్నవి. నార్వే దేశములో 1990 దశకపు ఆరంభమున బ్లాక్ మెటల్ వర్గములోని కొందరు చర్చిలను తగులబెట్టిరి. హత్య కూడ జరిగినది. ఆ నేరములను దాచరాదు. వానిని తలుపు వేసికొని పాట వినుచున్న ప్రతి పిల్లవానిపై మోపుటయు తగదు. అతడేమి వినుచున్నాడో, దేనికై వినుచున్నాడో అడిగి తెలిసికొనుట మేలు.

యువకులకును ఒక మాట. 85 డెసిబెళ్ల ధ్వనిని దినమునకు ఎనిమిది గంటలకు మించి వినరాదని వృత్తి ఆరోగ్య శాస్త్రజ్ఞులు నిర్ణయించినారు. ప్రతి 3 డెసిబెళ్ల పెరుగుదలకు ఆ కాలము సగమగును. ఆ లెక్కన 100 డెసిబెళ్లను పదునైదు నిమిషములకు మించి వినరాదు. చెవిలోని సూక్ష్మకణములు నశించినచో తిరిగి మొలవవు. డ్రిల్లుల మధ్య, లోడర్ల మధ్య ఏండ్లు గడపి వినికిడి మందగించిన పెద్దలు మన వీథివీథిన కలరు. వారికి తప్పించుకొను వీలు లేకపోయినది. మీకు ధ్వని తగ్గించు మీట చేతిలోనే కలదు. నాయన కోపములో సంగీతముపై ద్వేషముకన్న, తన చెవికి కలిగినది కొడుకు చెవికి కలుగరాదను భయమే ఎక్కువ కావచ్చును. ఆ మాట ఆయన నోట రాదు.

కాబట్టి తండ్రులకు మా మనవి ఒక్కటే. మీరు కప్పును తట్టి విని ప్రాణములు కాపాడుకొన్నవారు. చూచినంతనే ఇది గట్టిది, ఇది డొల్ల అని తీర్పు చెప్పినవారు కారు. కుమారుని ప్రక్కన కూర్చుండి, ధ్వని కొంచెము తగ్గింపుమని చెప్పి, ఒక పాట పూర్తిగా వినుడు. మద్దెల ఎక్కడ తిరిగినది, గిటారు ఎక్కడ ఆగినదని అతనిని అడుగుడు. విన్న పిమ్మట డొల్ల అని తోచినచో నిస్సంకోచముగా చెప్పుడు. బాయిలో మీరు విన్న చప్పుళ్ల సంగతి అప్పుడు అతడు మిమ్ము అడుగవచ్చును. అది అడిగినవారు ఇంతవరకు ఆ ఇంట ఎవరును లేకపోవచ్చును.