చిన్న కుక్కకు ఆయాసం వస్తే



కుక్క ఇల్లు కాస్తుంది. పిల్లలతో ఆడుతుంది. కానీ దానికి నోరు లేదు. ఊపిరాడకపోతే చెప్పుకోలేదు. పెంచినవారే చూసి పోల్చుకోవాలి.

నెల్లిమర్లలో వేసవి ఎలా ఉంటుందో అందరికీ తెలుసు. మధ్యాహ్నానికి రేకుల ఇల్లు పొయ్యిలా కాగుతుంది. కుక్క నాలుక బయటపెట్టి రొప్పుతుంది. "ఇదేటి, ఇలగ రొప్పుతోంది?" అని కంగారు పడతారు. అది జబ్బు కాదు. మనిషికి ఒళ్లంతా చెమట పడుతుంది. కుక్కకు అరికాళ్లలోనే కొంచెం పడుతుంది. అందుకే రొప్పి వేడిని బయటికి పంపుతుంది. నీడలో పడుకుని నీళ్లు తాగితే తగ్గిపోతుంది. చప్పిడి ముక్కు పగ్ కుక్కలు మాత్రం సరిగా రొప్పలేవు. వాటికి ఎండ మరీ ప్రమాదం.

మరి జబ్బు ఆయాసం ఎలా తెలుస్తుంది?

కుక్క నిద్రపోతున్నప్పుడు చూడాలి. డొక్క ఒకసారి లేచి దిగితే ఒక ఊపిరి. గడియారం చూస్తూ అర నిమిషం లెక్కపెట్టాలి. రెట్టింపు చేయాలి. 12 వస్తే నిమిషానికి 24. భయం లేదు. మళ్లీ మళ్లీ 30 దాటుతుంటే డాక్టరుకు చూపించాలి. తేదీ, అంకె కాగితం మీద రాసి పట్టుకెళ్లాలి. నేర్చుకున్న అంకెలు ఇలాగే అక్కరకొస్తాయి.

కొన్ని గుర్తులు కనబడితే లెక్కపెడుతూ కూర్చోకూడదు. చిగుళ్లు నీలంగా గాని, తెల్లగా గాని మారడం. మెడ చాపి, పొట్ట ఎగరేస్తూ ఊపిరి తీయడం. పడుకోలేకపోవడం. అప్పుడు వెంటనే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

బొచ్చుకుక్కల్లాంటి చిన్న జాతుల్లో కొన్నిటికి ఊపిరి గొట్టం మెత్తబడుతుంది. బాతు అరిచినట్టు దగ్గుతాయి. మెడకు కట్టిన పట్టీ లాగితే దగ్గు ఎక్కువవుతుంది. పట్టీని ఛాతీ చుట్టూ కట్టాలి. పొయ్యి పొగకూ, దోమల బత్తి పొగకూ దూరంగా ఉంచాలి.

ఎండదెబ్బ తగిలితే ముందు నీడకు చేర్చాలి. ఒంటి మీద చల్లటి నీళ్లు పోసి విసనకర్రతో విసరాలి. ఆ తర్వాతే ఆసుపత్రికి బయలుదేరాలి. జూట్ మిల్లు ఊరిలో గోనె సంచులకు కొదవ లేదు. కానీ తడి గోనె కప్పకూడదు. కప్పితే వేడి లోపలే ఉండిపోతుంది.

"నోట్లో కాసిన్ని పాలు పోసెయ్, సర్దుకుంటాది" అంటారు కొందరు. పొయ్యకూడదు. ఆయాసంలో ఉన్న కుక్క మింగలేదు. పాలయినా నూనె అయినా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ప్రాణం పోతుంది. మనుషుల మాత్రలూ వేయకూడదు.

ఇంకో జాగ్రత్త. కుక్క మింగలేక చొంగ కారుస్తూ, గొంతు మారి అరుస్తుంటే ఎముక ఇరుక్కుందని నోట్లో చెయ్యి పెట్టకూడదు. అది పిచ్చికుక్క జబ్బు కావచ్చు. కరిచినా, చొంగ గాయానికి తగిలినా సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడగాలి. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లి టీకా వేయించుకోవాలి.

పశువుల సంచార వైద్యానికి ఫోను నంబరు 1962. ఆ నాలుగు అంకెలూ గోడ మీద రాసి పెట్టుకోండి.