నా మైనింగ్ గేమ్ ఐడియా మా బాపు చేతికిచ్చాను

ఈ మధ్య మీలో చాలామంది అడుగుతున్న ప్రశ్న ఒకటే. "అన్నా, నా దగ్గర ఒక గేమ్ ఐడియా ఉంది, అది బాగుందో లేదో ఎవరిని అడగాలి, ఎట్లా అడగాలి?" ఇవాళ దాని గురించే మాట్లాడుకుందాం. పెద్ద థియరీ ఏం చెప్పను. నేను ఇప్పుడు చేసుకుంటున్న ఒక మైనింగ్ క్లిక్కర్ గేమ్ ఉంది. దాని మీద అభిప్రాయం అడగడానికి పోయి ఏం తప్పులు చేశానో, చివరికి నాకు ఏం దొరికిందో చెప్తాను.

క్లిక్కర్ గేమ్ అంటే తెలియనివాళ్ల కోసం ముందు రెండు మాటలు. స్క్రీన్ మీద ఒక బొమ్మ ఉంటుంది. నొక్కితే ఒక పాయింట్ వస్తుంది. ఆ పాయింట్లతో మీ బదులు నొక్కే మెషీన్ ఒకటి కొంటారు. అది సంపాదించిన దాంతో ఇంకోటి కొంటారు. అంతే గేమ్. 2013లో ఓర్తేయ్ అనే పేరుతో పనిచేసే ఒక ఫ్రెంచ్ ప్రోగ్రామర్ చేసిన కుకీ క్లిక్కర్‌తో ఈ రకం గేమ్స్ బాగా పాపులర్ అయ్యాయి. అందులో మొదటి కర్సర్ ధర 15 కుకీలు. ఒకటి కొన్న ప్రతిసారీ తర్వాతి దాని ధర 15 శాతం పెరుగుతుంది. లెక్క వేసి చూడండి. 10 కొన్నాక పదకొండోది 61 దగ్గర ఉంటుంది. 50 కొన్నాక తర్వాతిది 16 వేలు దాటుతుంది. ఒక్కో కర్సర్ ఇచ్చేది మాత్రం అంతే. అందుకే ఎప్పుడూ "ఇంకొక్కటి కొంటే చాలు" అనిపిస్తుంది, ఎప్పటికీ చాలదు.

ఇక్కడ ఒక చిన్న హెచ్చరిక. 2010లో ఇయాన్ బోగోస్ట్ అనే ఆయన ఫేస్‌బుక్ గేమ్స్‌ని వెక్కిరిస్తూ కౌ క్లిక్కర్ అని ఒకటి చేశారు. ఆరు గంటలకోసారి ఒక ఆవు బొమ్మని నొక్కాలి. అది జోక్. కానీ జనం సీరియస్‌గా ఆడారు! కాబట్టి "నా గేమ్‌లో జనం బాగా నొక్కుతున్నారు" అంటే గేమ్ బాగున్నట్టే అని అనుకోకండి.

సరే, నా ఐడియాకి వద్దాం. నేను బొగ్గు గనుల ఊళ్లో పుట్టాను. మా బాపు అండర్‌గ్రౌండ్ గనిలో పనిచేసి రిటైర్ అయ్యారు. మా దగ్గర గనిని బాయి అంటారు, అందుకని గేమ్ పేరు కూడా "బాయి" అనే పెట్టుకున్నాను. 1871లో డాక్టర్ కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు ఉన్నట్టు గుర్తించారు కదా, గేమ్ అక్కడ మొదలవుతుంది. ముందు తట్ట, చెమ్మాస్. తర్వాత టబ్బులు. తర్వాత ఎస్‌డీఎల్ మెషీన్, ఆ తర్వాత లాంగ్‌వాల్, చివరికి ఓపెన్‌కాస్ట్ డంపర్లు. నొక్కుతూ పోతే వందేళ్లకు పైగా చరిత్ర మీ ఫోన్‌లో తిరుగుతుంది. ఐడియా వచ్చిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పొద్దున లేవగానే చేసిన మొదటి తప్పు ఏంటంటే, ఇదంతా అర పేజీ టైప్ చేసి ఫ్రెండ్స్ వాట్సాప్ గ్రూప్‌లో పడేశాను. కింద "ఎట్లుంది?" అని అడిగాను. "సూపర్ మామా" అన్నాడొకడు. ఇద్దరు బొటనవేలు పెట్టారు. ఒకడు "కేజీఎఫ్ లాంటి బీజీఎం పెట్టు" అన్నాడు, ఇంకొకడు "మల్టీప్లేయర్ పెట్టు" అన్నాడు. ఆ రోజంతా గాల్లో తేలాను. రాత్రి కూర్చుని చూసుకుంటే, రేపు పొద్దున ఏం మార్చాలో చెప్పే మాట వాటిలో ఒక్కటీ లేదు.

వాళ్ల తప్పు కాదది. ఐడియాని మాటల్లో చెప్తే ఎవరి బుర్రలో వాళ్లు వాళ్లకి నచ్చిన గేమ్ ఊహించుకుంటారు. వాళ్లు మెచ్చుకునేది ఆ గేమ్‌ని. పైగా "బాగుందా?" అని ఫ్రెండ్ అడిగితే లేదని ఎవడంటాడు చెప్పండి?

అందుకే రెండు సాయంత్రాలు కూర్చుని ఒక మొద్దు వెర్షన్ చేశాను. ఒక నల్ల డబ్బా, పైన ఒక నంబర్, మూడు బటన్లు, గొడ్డలితో కొడుతూ ఉండే చిన్న చిన్న మనుషుల బొమ్మలు. అంతే. మా చెల్లికి ఇచ్చాను. ఇచ్చి పక్కనే నిలబడి, "అది కాదే, ఇది నొక్కు, ఇప్పుడు అది కొను" అంటూనే ఉన్నాను. రెండు నిమిషాలకి "ఇగో, నువ్వే ఆడుకో" అని ఫోన్ నా చేతిలో పెట్టింది. అది రెండో తప్పు. రేపు గేమ్ డౌన్‌లోడ్ చేసుకున్న ప్రతి ఒక్కరి పక్కనా నేను నిలబడలేను కదా.

మూడోసారి నా రూమ్మేట్‌కి ఇచ్చి నోరు మూసుకున్నాను. చేతిలో నోట్‌బుక్, ఫోన్‌లో స్టాప్‌వాచ్. వాడు రెండు నిమిషాలు దంచికొట్టాడు. తర్వాత స్క్రీన్ వైపు చూస్తూ కూర్చున్నాడు. నాలుగో నిమిషంలో ఫోన్ మంచం మీద పెట్టి "అయిపోయిందా?" అన్నాడు. లెక్క చూశాను. మూడో బటన్ ధర 1100 టన్నులు, అప్పటికి వాడి గని ఇచ్చేది సెకనుకి 4 టన్నులు. అంటే నాలుగున్నర నిమిషాలకు పైగా ఖాళీగా కూర్చోవాలి. ధర 400కి దించాను, నిరీక్షణ 100 సెకన్లకి వచ్చింది. గ్రూప్‌లో వచ్చిన మెచ్చుకోళ్లన్నీ కలిపినా, ఆ "అయిపోయిందా"కి సరిపోలేదు.

ఆ వారం ఊరికి పోయాను. భోజనం అయ్యాక ఊరికే బాపు చేతికి ఫోన్ ఇచ్చాను. ఆయన వాట్సాప్, యూట్యూబ్ తప్ప ఇంకేం ముట్టరు. కళ్లద్దాలు పెట్టుకుని కాసేపు చూశారు. తర్వాత చూపుడు వేలితో నొక్కారు. బొగ్గు మీద కాదు! బొగ్గు డబ్బా పైన నేను ఊరికే గీసిన ఒక నల్ల పట్టీ ఉంది, దాని మీద. ఒక చోట, ఇంకొంచెం పక్కన, మళ్లీ ఇంకో చోట. ఏమీ జరగలేదు. "బాపూ, అక్కడ కాదు" అని నోటిదాకా వచ్చింది. ఆపుకున్నాను.

"దీనికి సప్పుడు రాదా?" అన్నారు.

"ఏం సప్పుడు బాపూ?"

"రూఫ్ సప్పుడు. లోపలికి పోయినంక ముందుగాల రూఫ్ సూడాలె. కట్టెతోని కొట్టి సూస్తరు. ఖంగుమన్నదంటే గట్టిగున్నట్టు. డొల్ల సప్పుడొస్తే పొర ఇడిసినట్టు. అప్పుడు బొగ్గు జోలికి పోరు. సపోర్టు పెట్టినంకనే ఏదైనా."

నాకు ఒళ్లు ఝల్లుమంది. క్లిక్కర్ గేమ్‌లో ఉన్నదే నొక్కడం. ఆ నొక్కుడికి ఒక అర్థం కావాలని నేను వారాల తరబడి వెతుకుతున్నాను. అది మా ఇంట్లోనే ఉంది, నేనెప్పుడూ అడగలేదు.

అంతటితో అయిపోలేదు. ఆయన ఆ చిన్న బొమ్మల్నే చూస్తున్నారు. "వీళ్ల షిఫ్ట్ ఎప్పుడు అయిపోతది?" అన్నారు. షిఫ్ట్ లేదు బాపూ, ఒకసారి కొంటే అట్లా తవ్వుతూనే ఉంటారు అన్నాను. "మరి ఇంటికెప్పుడు పోతరు?"

అప్పుడు నాకు గుర్తొచ్చింది, మూడో బటన్ ఏంటో. దాని పేరు "విశ్రాంతి అక్కర్లేని కార్మికుడు". కొంటే ఉత్పత్తి డబుల్. పేరు పెట్టినప్పుడు నాకు భలే నచ్చింది. బాపు ఆ బటన్ దాకా వచ్చారు, పేరు చదివారు, వేలు ఆగింది. నొక్కలేదు. ఫోన్ నాకు ఇచ్చేసి "మంచిగున్నది బిడ్డా" అన్నారు.

బాపు నైట్ షిఫ్ట్‌కి పోయిన రోజుల్లో, తెల్లారి ఆయన సైకిల్ చప్పుడు వినబడేదాకా అమ్మ వాకిట్లోనే ఏదో ఒక పని పెట్టుకునేది. అట్లాంటి ఇంట్లో పెరిగి నేను ఆ బటన్ పెట్టాను. నోటితో మంచిగున్నదనే అన్నారు. ఆగిన వేలు వేరే మాట చెప్పింది. నేను వేలు మాట విన్నాను. ఆ రాత్రే ఆ బటన్ తీసేశాను.

ఇప్పుడు గేమ్ ఎట్లా ఉందో చెప్తాను. బొగ్గు నొక్కే ముందు పైకప్పు నొక్కి వినాలి. ఖంగుమంటే తవ్వొచ్చు. డొల్ల శబ్దం వస్తే ముందు సపోర్టు కొనాలి. ఎనిమిది గంటల షిఫ్ట్ అయిపోగానే మనుషులు పైకి వస్తారు. లాంప్ రూమ్ అని ఒక స్క్రీన్ ఉంది. లోపలికి ఎన్ని లైట్లు పోయాయో, ఎన్ని తిరిగొచ్చాయో అక్కడ కనిపిస్తుంది. రెండు నంబర్లూ సమానం అయితేనే ఆ షిఫ్ట్ ముగిసినట్టు.

రూమ్మేట్‌కి మళ్లీ ఇచ్చాను. ఈసారి 11 నిమిషాలు ఆడాడు. మూడో షిఫ్ట్ నుంచి ఎవరూ చెప్పకుండానే ముందు పైకప్పు కొడుతున్నాడు. కానీ వాడు ఒక మాట అడిగాడు. "నేను పడుకుని లేచేసరికి గని కూలిపోయి ఉంటే? ఆ నిమిషమే అన్‌ఇన్‌స్టాల్ చేస్తా." కరెక్టే. ఫోన్ పక్కన పెట్టినందుకు శిక్ష వేస్తే ఎవరాడతారు? బాపుకి ఫోన్ చేసి అడిగితే, "రూఫ్ మంచిగ లేకుంటే పని బంద్ పెట్టి మనుషుల్ని పైకి పంపియ్యాలె గదా" అన్నారు. అదే పెట్టాను. మీరు లేనప్పుడు సపోర్టు ఉన్న చోట పని నడుస్తుంది, లేని చోట ఆగిపోతుంది. నా గేమ్‌లో ఎవరూ చచ్చిపోరు.

ఇంకో సమస్య కూడా బయటపడింది. ఫోన్ స్పీకర్‌లో ఆ రెండు శబ్దాలకీ తేడా బాపుకే తెలియలేదు. మెషీన్ల మధ్య పనిచేసిన చెవులు అవి. బస్సులో సైలెంట్‌లో పెట్టుకుని ఆడేవాళ్లదీ అదే పరిస్థితి. అందుకని వైబ్రేషన్ కలిపాను. గట్టి కప్పుకి టక్కున ఒక్కటి, డొల్లకి గర్‌మని కొంచెంసేపు.

కాబట్టి మీరు చేయాల్సింది ఇది. ఐడియా చెప్పకండి, ఎంత మొద్దుగా ఉన్నా సరే ఆడేలా చేసి చేతిలో పెట్టండి. ఇచ్చాక నోరు కట్టేసుకోండి. వాళ్లు ఎక్కడ నొక్కారు, ఎక్కడ ఆగారు, ఎన్నో నిమిషంలో ఫోన్ పక్కన పెట్టారు, అది రాసుకోండి. గేమ్స్ ఆడేవాళ్లకి ఒకరికి ఇవ్వండి, ఆ పని నిజంగా చేసినవాళ్లకి ఒకరికి ఇవ్వండి. వ్యవసాయం మీద గేమ్ అయితే మీ తాతకి, కిరాణా కొట్టు గేమ్ అయితే వీధి చివర షాపు అంకుల్‌కి. అందరూ చెప్పిన ప్రతిదీ పెట్టాల్సిన పని లేదు. బీజీఎం, మల్టీప్లేయర్ నేనింకా పెట్టలేదు.

చివరిగా నాకు మీ నుంచి ఒకటి కావాలి. నా గేమ్ ఐడియా ఎట్లుంది అని అడగను, మీరు సూపర్ అంటారని నాకు తెలుసు. మీ ఫోన్‌లో ఉన్న ఏదో ఒక క్లిక్కర్ గేమ్‌ని మీరు ఆడడం మానేసే ఉంటారు. మానేసిన ఆ నిమిషంలో స్క్రీన్ మీద ఏముంది? గుర్తు తెచ్చుకుని అదొక్కటి చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో అవి ముందు పెట్టుకుని మాట్లాడుకుందాం. అన్నట్టు, బాపుకి కొత్త వెర్షన్ పంపాను. నిన్న ఫోన్ చేసి, మూడో షిఫ్ట్‌లో ఒక లైట్ తిరిగి రాలేదు, ఎక్కడుందో చూడు అన్నారు. అది బగ్. దాన్ని సరిచేసేదాకా నాకు నిద్ర పట్టేట్టు లేదు. ఉంటాను మరి.