అస్సామీ నవలలో ప్రేమ



1836 నుండి 1873 వరకు అస్సాం పాఠశాలల్లో, న్యాయస్థానాల్లో బెంగాలీదే అధికారం. అస్సామీకి చోటు లేదు. తిరిగి బడిలో అడుగుపెట్టిన ఆ భాష పాతికేళ్లలోపే ‘మిరి జీయరి’ అనే ప్రేమనవలను కన్నది. రజనీకాంత బొర్దొలోయ్ రచించిన ఆ కథలో పెద్దలు కుదిర్చిన పెళ్లిని కాదన్న మిసింగ్ యువతి పానెయి, ఆమె ప్రియుడు జంకి ప్రాణాలు కోల్పోతారు.

1940లలో బిరించి కుమార్ బరువా ‘జీవనర్ బాటత్’ నవలలో తగర్‌ను వంచించినది ఆచారం కాదు, మాట తప్పిన పురుషుడు. 1988లో వెలువడిన మామొని రైసమ్ గోస్వామి నవలలో యువ వితంతువు గిరిబాల మార్క్‌ను ప్రేమించి, ప్రాయశ్చిత్తపు మంటలకే ఆహుతి అవుతుంది. ఇక్కడ ప్రేమకథ కన్నీటితో ఆగక, సమాజాన్ని నిలదీసినది.

ఆ నిలదీత మాతృభాషలోనే సాధ్యమైనది. బడిలో నిలిచిన భాషకే రేపటి కథలు దక్కుతాయి. తెలుగు బడికి బిడ్డను పంపే ప్రతి ఇల్లూ ఆ కథలకు పుట్టినిల్లే.